అమరం నెమరుకొస్తే

ఇంగ్లీషులో ‘ఎ’ అక్షరంతో మొదలయ్యే కఠిన పదాలు తెలుగు ఇంజినీర్లకు వచ్చినంత బాగా లండన్‌లో పుట్టి పెరిగినవాళ్లకు కూడా రావేమో. అబేస్, అబాష్, అబేట్, అబెరెంట్, అబ్జ్యూర్... నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెబుతారు. ‘బి’కి వచ్చేసరికి కాస్త నీరసం. ‘సి’ సగంలో ఉండగా ఎవరిదో పెళ్లి అడ్డొస్తుంది, లేకపోతే సెమిస్టరు పరీక్షలు. మళ్లీ పుస్తకం తెరిచేటప్పటికి మొదటివి మరుపున పడి ఉంటాయి కనక మళ్లీ ‘అబేస్’ దగ్గర కొబ్బరికాయ కొట్టాల్సిందే. చిట్టచివర ఉండే జీలట్, జెనిత్, జెఫిర్‌లను కళ్లారా చూడ్డానికి పూర్వజన్మ సుకృతం ఉండాలి.

ఇది జీఆర్‌ఈ రోజుల ముచ్చట. తొంభైల్లోనూ ఆ తర్వాత ఓ పదేళ్లూ అమెరికాలో ఎమ్మెస్ చెయ్యాలనుకున్న ప్రతివాళ్ల చేతిలోనూ ‘బ్యారన్స్’ అని ఒక లావుపాటి పుస్తకం ఉండేది. దాని కడుపులో 3,500 మాటల జాబితా, 50 భాగాలుగా. కొత్తది కొనే స్తోమత లేనివాళ్లు కోఠీలో పాతది కొనుక్కునేవారు. అదీ దొరక్కపోతే సీనియర్ల పుస్తకానికి జిరాక్సు. హాస్టలు గదిలో ఒకడు మాట అనడం, ఇంకొకడు అర్థం చెప్పడం, మూడోవాడు టీ తేవడం.

గుర్తుండటానికి తెలుగులో కొండగుర్తులు పెట్టుకునేవాళ్లం. ‘పెన్యూరీ’ అంటే పెనం ఊరికే పడి ఉండటం, అంటే కటిక దరిద్రం. ‘టాసిటర్న్’ అంటే టర్న్ వచ్చినా నోరు విప్పని తాత, కాబట్టి మితభాషి. ‘గారులస్’ అంటే గారెలు వండుతూ ఆపకుండా కబుర్లు చెప్పే బామ్మ. ఈ పద్ధతిని తక్కువ చెయ్యను. పాతికేళ్లు గడిచినా ఆ తాతా ఆ బామ్మా చెక్కుచెదరలేదు. ఒకటే చిక్కు: పెనం గుర్తొచ్చి, దాన్నుంచి దరిద్రం గుర్తొచ్చి, ఆ తర్వాత వాక్యం గుర్తొచ్చేలోపు ఎదుటివాడు మాట మార్చేస్తాడు.

అప్పటి పరీక్షకు అది చాలు. వెర్బల్ అనే ఇంగ్లీషు భాగానికి 800 మార్కులు. అందులో వ్యతిరేకార్థాలు అడిగేవారు, ఈ మాటకు ఆ మాటకు ఉన్న సంబంధంలాంటిది ఇంకెక్కడుందో పట్టుకోమనేవారు. మాట ఒంటరిగా, వాక్యం తోడు లేకుండా వచ్చి నిలబడేది. 2011 ఆగస్టులో ఆ రెండు రకాల ప్రశ్నలనూ తీసేసి, మాటను వాక్యంలో పెట్టి అడగడం మొదలెట్టారు. ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాలు అసలు ఆ పరీక్షే అక్కర్లేదంటున్నాయి. అయినా జాబితా చావలేదు. ఫోన్లోకి దూరింది, బ్యాంకు పరీక్షల గైడ్లలోకి దూరింది, పొద్దున్నే వాట్సాప్‌లో పువ్వు బొమ్మ పక్కన ‘నేటి పదం’గా తయారవుతోంది.

అసలు మనకు జాబితా అంటే ఇంత భక్తి ఎందుకు? నాకు తోచిన కారణం అమరకోశం. అమరసింహుడు రాసినదానికి అసలు పేరు నామలింగానుశాసనం. మూడు కాండలు, దాదాపు 1,500 శ్లోకాలు. ఒక్కో వస్తువుకు ఎన్ని పేర్లున్నాయో అన్నీ వరసగా శ్లోకంలో ఇమిడ్చి ఉంటాయి. అర్థం తెలిసినా తెలియకపోయినా పిల్లలు దాన్ని వల్లెవేసేవారు. సంస్కృతంతో సరిపెట్టుకోకుండా పైడిపాటి లక్ష్మణకవి తెలుగు మాటలకు కూడా పద్యాల్లో ‘ఆంధ్రనామసంగ్రహం’ కట్టాడు. అందులో మిగిలిపోయినవాటి కోసం ఆడిదం సూరకవి ‘ఆంధ్రనామశేషం’ రాశాడు. అంటే మాటల పట్టీని కంఠతా పట్టడం మనకు బ్యారన్స్ దొరగారు నేర్పిన విద్య కాదు. తేడా అల్లా ఎత్తుగడలో ఉంది. అమరం స్వర్గం పేర్లతో మొదలవుతుంది, బ్యారన్స్ అవమానంతో. ‘అబేస్’ అంటే కించపరచడమే కదా.

అమరం నెమరుకొస్తే కావ్యాలెందుకు కాల్చనా అని సామెత. పట్టీ నోటికొచ్చిందంటే ఇక కావ్యాలు పొయ్యిలోకే అని. అన్నవాడు గర్వంగా అన్నాడో వెక్కిరింతగా అన్నాడో గానీ, పాత గురువులు మాత్రం దాన్ని పాటించలేదు. శబ్దాలూ అమరమూ అయ్యాక రఘువంశం చేతిలో పెట్టేవారు. అమరంలో వల్లించిన పేరు కావ్యంలో ఒక రాజు నోట, ఒక ఋషి నోట, ఒక ఏడుపులో, ఒక పెళ్లిలో మళ్లీ ఎదురయ్యేది. అప్పుడుగానీ ఆ మాట నిజంగా వచ్చినట్టు కాదు. పైగా పద్యం రాసేవాడికి తామరపువ్వుకు పది పేర్లు కావాలి. యతి కుదరాలి, గణం సరిపోవాలి, ఒక పేరు పొసగకపోతే ఇంకోటి అందుకోవాలి. సెలవు కోసం మేనేజరుకు ఈమెయిల్ రాసేవాడికి ఏ గణమూ అడ్డం రాదు. మన ఇంగ్లీషు చదువులో అమరం మిగిలింది, రఘువంశం ఎగిరిపోయింది.

ఇంగ్లీషువాళ్లకూ ఒక అమరం ఉంది. పీటర్ మార్క్ రొజే అనే వైద్యుడు 1852లో అచ్చు వేసిన థెసారస్. మద్రాసులో సి.పి. బ్రౌన్ తెలుగు నిఘంటువులు వెలువడిందీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. రొజే పుస్తకంలో అర్థాలు ఉండవు. ఒక భావం చుట్టూ మాటలు గుంపుగా కూర్చుని ఉంటాయి, అంతే. ఎందుకంటే అది తెలియని మాట నేర్పే పుస్తకం కాదు, తెలిసి నాలిక చివర ఆగిపోయిన మాటను గుర్తుచేసే పుస్తకం. మనవాళ్లు దాంట్లోంచి కొత్త మాట తీసి అప్పటికప్పుడు వ్యాసంలో అతికిస్తారు. సన్నగా ఉన్నవాళ్లకు ఆ గుంపులో స్లిమ్, లీన్, స్కినీ, గాంట్, ఇమేషియేటెడ్ అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. పెళ్లిచూపులకు పంపే బయోడేటాలో అమ్మాయి స్లిమ్ అని రాస్తే ముచ్చట. స్కినీ అంటే వియ్యపురాలు మొహం ముడుచుకుంటుంది. ఇమేషియేటెడ్ అని రాస్తే పెళ్లివారికి బదులు అంబులెన్స్ వస్తుంది.

ఈ తూకం మనకు తెలియనిదా? తెలుగులో పోయాడు, చనిపోయాడు, కన్నుమూశాడు, పరమపదించాడు, దివంగతుడయ్యాడు, చచ్చాడు, టపా కట్టేశాడు, అన్నింట్లోనూ జరిగింది ఒకటే. అయినా ఏది పేపరు మాటో, ఏది పక్కింటివాళ్ల మాటో, ఏది పగవాడి మాటో పదేళ్ల పిల్లవాడికి కూడా తెలుసు. ఎవరూ పట్టీ రాయించలేదు. అదే మనిషి ఇంగ్లీషులోకి దిగగానే ఆ తూకం ఇంటి దగ్గర వదిలి బయల్దేరతాడు. మందులూ ఎక్స్‌పైర్ అవుతాయి, డ్రైవింగ్ లైసెన్సూ ఎక్స్‌పైర్ అవుతుంది, మన ఊళ్లో తాతగారూ ఎక్స్‌పైర్ అవుతారు.

నిజానికి మాటల విషయంలో ఇంగ్లీషు కట్టడం తెలుగు కట్టడానికి చాలా దగ్గర. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక రాజసభకూ న్యాయస్థానానికీ ఫ్రెంచి పెత్తనం వచ్చింది. పల్లెలో పాత మాట పల్లెలోనే ఉంది. ఆ తర్వాత పదహారో శతాబ్దంలో పండితులు లాటిన్నూ గ్రీకునూ బుట్టలకొద్దీ దింపారు. అందుకే ఆ భాషలో ఒకే పనికి మూడంతస్తుల మాటలు. ఆస్క్ అనేది నేల మీదది, క్వశ్చన్ ఫ్రెంచి మేడ మీదది, ఇంటరాగేట్ లాటిన్ది. మన అడగడం, ప్రశ్నించడం లాగే. ఇంట్లో ఆవిడ అడుగుతుంది, అసెంబ్లీలో ప్రతిపక్షం ప్రశ్నిస్తుంది, మూడోది సీఐగారు చూసుకుంటారు. ఈ వరద చూసి అక్కడా కొందరికి ఒళ్లు మండింది. కేంబ్రిడ్జిలో గ్రీకు పాఠం చెప్పిన సర్ జాన్ చీక్ అయితే గ్రీకు తనకు అన్నం పెడుతున్నా సరే, ఇంగ్లీషును అరువు మాటలతో కలగాపులగం చెయ్యొద్దని పట్టుబట్టాడు. అలాంటి బరువు మాటలను సిరాబుడ్డి మాటలని ఎగతాళి చేసేవారు. మన గిడుగు రామమూర్తి పంతులుగారికి ఆ గొడవ వినిపిస్తే మీసాల్లో నవ్వుకునేవారు.

తత్సమం ఎక్కడ వాడాలో, దేశ్యం ఎక్కడ వాడాలో చెవితో తెలుసుకున్న తెలుగువాడికి ఇంగ్లీషు పెద్ద మాట భయపెట్టాల్సిన వస్తువు కాదు, అబ్బురపడాల్సిన వస్తువు అంతకన్నా కాదు. కానీ అబ్బురపడతాం. శశి థరూర్ 2017లో ‘ఫరాగో’ అంటే దేశమంతా నిఘంటువు తిరగేసింది. మరుసటేడు తన పుస్తకం గురించి చెబుతూ ‘ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్’ అన్నాడు. ఇంగ్లీషులో 29 అక్షరాలు. దేన్నైనా పనికిమాలినదిగా తీసిపారేయడం అని దాని అర్థం. ఆయన దాన్ని సరదాకే వదిలాడు, మనం సీరియస్‌గా బట్టీ పట్టాం. ఆయన పేరు ప్రపంచమంతా మోగించింది మాత్రం 2015లో ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో బ్రిటన్ మనకు బాకీ పడిందంటూ చేసిన వాదన. అందులో నిఘంటువు తియ్యాల్సిన మాటలు బహు తక్కువ. సందర్భం లేకుండా పెద్ద మాట వాడటం పట్టుచీర కట్టుకుని పాలప్యాకెట్టుకు వెళ్లినట్టుంటుందని థరూర్‌కు తెలుసు. ఆయన ఇంగ్లీషును అనుకరించే కుర్రాళ్లకే తెలియదు.

బట్టీ కన్నా మెరుగైన దారి ఒకటుంది. ధాతువుల దారి. నార్మన్ లూయిస్ 1949లో రాసిన ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ ఇవాళ్టికీ హైదరాబాదు ఫుట్‌పాత్‌ల మీద దొరుకుతుందంటే కారణం అదే. మనుషుల స్వభావాలతో మొదలెట్టి డాక్టర్లకు వెళతాడు. ఒక గ్రీకు ముక్క పట్టుకుని డజను మాటలు లాగుతాడు. నన్నడిగితే ఆ డాక్టర్ల అధ్యాయానికి పుస్తకం కూడా అక్కర్లేదు. గుంటూరు కొత్తపేటలో బోర్డులు చదువుకుంటూ నాలుగడుగులు వేస్తే చాలు. కార్డియో, న్యూరో, డెర్మటో, గ్యాస్ట్రో, నెఫ్రో. సంతకం రాని అవ్వ కూడా ‘గైనిక్’ దగ్గరికి పోవాలో ‘ఆర్థో’ దగ్గరికి పోవాలో ఆటోవాడికి స్పష్టంగా చెబుతుంది. అది గ్రీకని ఆవిడకు తెలియదు, తెలియకపోయినా కొంప మునగదు.

కాకపోతే ధాతువులు ఒక్కోసారి బోల్తా కొట్టిస్తాయి. పెడెస్ట్రియన్ అంటే కాలినడకన పోయేవాడు కదా, ఆర్థోపెడిక్ డాక్టరు కాళ్లూ ఎముకలూ చూస్తాడు కదా, రెండూ ఒక్కటేననిపిస్తుంది. కావు. మొదటిది లాటిన్ పాదం, రెండోది గ్రీకు పిల్లవాడు. 1741లో నికొలా ఆండ్రీ అనే ఫ్రెంచి వైద్యుడు పిల్లల అవకరాలు సరిచేసే విద్యకు ఆ పేరు పెట్టాడు. పీడియాట్రిక్స్‌లో ఉన్నదీ ఆ పిల్లవాడే. మోకాళ్లు మార్పించుకోవడానికి వెళ్లే పెద్దవాళ్లంతా పేరుకు పిల్లల వైద్యుడి దగ్గరికి వెళుతున్నట్టే.

ఈ విద్యలో ఇవాళ మహామహోపాధ్యాయులు ఎవరంటే అమెరికాలో పుట్టిన మన పిల్లలు. అక్కడి జాతీయ స్పెల్లింగ్ పోటీ ‘స్పెల్లింగ్ బీ’లో భారతీయ కుటుంబాల పిల్లలు ఏళ్ల తరబడి గెలుస్తున్నారు. వాళ్లలో తెలుగు ఇంటిపేర్లకు కొదవ లేదు: గుంటూరి, నందిపాటి, మహంకాళి, నెమ్మాని, సోమ. ఈ వరసకు పునాది వేసినవాటిల్లో మరో తెలుగాయన, రత్నం చిట్టూరి, 1989లో మొదలెట్టిన నార్త్ సౌత్ ఫౌండేషన్ ఒకటి. ఇండియాలో పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులిచ్చేందుకు పెట్టిన సంస్థ అది. తర్వాత అక్కడి పిల్లలకు ఈ పోటీలు పెట్టడం మొదలెట్టింది.

ఇదీ బట్టీయే కదా అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. ఆ వేదిక మీద పిల్లవాడికి మాట ఇవ్వగానే వాడు మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి: ఇది ఏ భాష నుంచి వచ్చింది? ఆ ఒక్క ప్రశ్నతో మాటకు ఊరూ పేరూ వస్తాయి. గ్రీకైతే ఒక రాత, ఫ్రెంచైతే ఇంకో రాత. అరవింద్ మహంకాళి వరసగా 2011లోనూ 2012లోనూ మూడో స్థానంలో ఆగిపోయాడు. రెండుసార్లూ తడబడింది జర్మన్ మూలాలున్న మాటల దగ్గరే. 2013లో చివరి మాట ‘క్నైడెల్’. జర్మన్ నుంచి యిడ్డిష్ మీదుగా ఇంగ్లీషులోకొచ్చిన, యూదుల ఇళ్లలో పులుసులో వేసే పిండిముద్ద పేరు. హైదరాబాదు నుంచి వెళ్లిన కుటుంబం పిల్లవాడు ఆ పిండిముద్దతో విజేత అయ్యాడు. పోయినచోటే వెతుక్కోవడం అంటే అదే. 2024లో బృహత్ సోమ 90 సెకన్లలో 29 మాటలకు స్పెల్లింగ్ సరిగ్గా చెప్పాడు. మనమైతే ఆ వ్యవధిలో కళ్లజోడు వెతుక్కోగలం.

ఇంతకీ ఇంగ్లీషులో అసలు కష్టమైన మాటలేవి? నా ఓటు ఫ్లాక్సినాసికి కాదు. రన్, సెట్, పుట్, గెట్, టేక్. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు కొత్త కూర్పు కోసం ‘రన్’ అనే క్రియను తవ్వినవాళ్లకు 645 అర్థాలు తేలాయి. ‘అబ్జ్యూర్’కు ఉన్నదెన్ని? ఒకటీ అరా. పెద్ద మాట పెళ్లికొడుకులాగా దూరం నుంచే తెలిసిపోతుంది. తెలియకపోతే నిఘంటువు చూస్తాం. చిన్న మాట తెలిసినట్టే ఉంటుంది గనక ఎవరమూ చూడం. పుట్ ఆఫ్ వేరు, పుట్ అవుట్ వేరు, పుట్ డౌన్ వేరు, పుట్ అప్ విత్ అయితే సంసారమంత లోతైనది.

1930లో సి.కె. ఆగ్డెన్ అనే ఆయన ఇంగ్లీషు నేర్చుకోవడాన్ని తేలిక చేస్తానని పూనుకుని మొత్తం భాషను 850 మాటలకు కుదించాడు. అందులో క్రియలు పద్దెనిమిదే. చర్చిల్ కూడా మెచ్చుకున్నాడు. లెక్కకు బాగానే ఉంది. కానీ తీసేసిన వందల క్రియల పనంతా ఆ పద్దెనిమిదింటి నెత్తిన పడింది. ప్రవేశించడాన్ని ‘గో ఇన్’, త్యజించడాన్ని ‘గివ్ అప్’ మొయ్యాలి. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాడికి అది తేలిక. బయటివాడికి ప్రవేశించడానికీ త్యజించడానికీ విడి మాటలు నేర్చుకోవడమే సులువు. సంస్కృతం వాసన తెలిసిన మనకైతే మరీనూ. వెర్బల్‌లో ఏడొందలు తెచ్చుకున్న మన కుర్రాడు విమానం దిగి సామాన్ల కొట్లో నిలబడితే, డబ్బు తీసుకునే అమ్మాయి ‘ఆల్ సెట్?’ అంటుంది. ఏం సెట్ చెయ్యాలో వాడికి అర్థం కాదు. ఆ అమ్మాయి ‘పెన్యూరియస్’ అన్నా బాగుండును.

న్యూజిలాండులో పాల్ నేషన్ అనే భాషా పండితుడు దీన్ని లెక్కగట్టి చూశాడు. ఒక మాటనూ దాని రూపాలనూ కలిపి ఒక కుటుంబం అనుకుంటే, నవలలూ వార్తాపత్రికలూ నిఘంటువు లేకుండా చదవడానికి 8,000 నుంచి 9,000 కుటుంబాలు కావాలని 2006లో తేల్చాడు. అందులో మొదటి రెండు వేలే ఏ పుటలోనైనా సింహభాగం ఆక్రమిస్తాయి. మిగతావి అరుదుగా, విడివిడిగా, పుస్తకానికి ఒకటి రెండుసార్లు తగులుతాయి. ఇంకోపక్క జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థంలేని అక్షరాల ముక్కలను తానే బట్టీపట్టి, ఎంతసేపట్లో ఎంత మర్చిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. పోయేదాంట్లో ఎక్కువ భాగం మొదటిరోజే పోతుంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే జాబితా బండారం బయటపడుతుంది. అరుదైన మాట మళ్లీ మళ్లీ ఎదురైతేగానీ నిలవదు, అరుదైనది కనక మళ్లీ మళ్లీ ఎదురుకాదు. దీనికి ఒకటే విరుగుడు. ఒకే రచయితనో ఒకే విషయాన్నో పట్టుకుని విడవకుండా చదవడం. ఒకే విషయం మీద రాసేవాళ్లు అవే మాటల చుట్టూ తిరుగుతారు, మనకు అరుదైనవి అక్కడ నిత్యం దొరుకుతాయి.

నాకు తెలిసిన, ఇంగ్లీషు బాగా వచ్చిన మనవాళ్లలో సగం మంది ఆ పని క్రికెట్‌తో చేశారు. 2001 మార్చిలో కలకత్తాలో ఫాలో ఆన్ ఆడుతూ మన లక్ష్మణ్ 281 కొట్టాడు. నాలుగోరోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ద్రవిడూ అతనూ ఔట్ కాలేదు. భాగస్వామ్యం 376. ఊళ్లో జిల్లా పరిషత్ స్కూల్లో చదివే పిల్లలు కూడా మర్నాడు ఇంగ్లీషు పేపరు కోసం సెలూన్ దగ్గర కాపు కాశారు. స్కోరు వాళ్లకు తెలుసు. అయినా చదవాలి, ఆ ఆనందాన్ని ఇంకోసారి అనుభవించాలి. క్రికెట్ రాతల్లో ఎలిగెంట్, స్టోయిక్, ఫ్లాంబోయంట్, రెసిలియెంట్ లాంటి పెద్దమనుషులకూ, డిగ్ ఇన్, హ్యాంగ్ ఆన్, హోల్డ్ అవుట్ లాంటి చిల్లర మాటలకూ ఒకే పంక్తిలో విస్తరి వేస్తారు. ఎవరి బ్యాటింగ్‌కు ఏ మాట అంటుతుందో చెవికి పట్టేసింది. స్టోయిక్ అంటే ద్రవిడ్. ఇంకో అర్థం చెప్పమంటే తడుముకుంటారేమో గానీ, తప్పుగా మాత్రం వాడరు. సెహ్వాగ్‌ను స్టోయిక్ అన్నవాణ్ని నేనింతవరకు చూడలేదు.

మొన్న మా మేనల్లుడు వచ్చి, మావయ్యా, ఇంగ్లీషు వొకాబులరీ పెరగాలి, యాప్ ఏదైనా చెప్పు అన్నాడు. యాప్ సంగతి తర్వాత చూద్దాం, క్రికెట్ మీద నాలుగు మంచి పుస్తకాలున్నాయి, తీసుకెళ్లరా అన్నాను. వాడికి క్రికెట్ అంటే ఆవులింత. ఫార్ములా వన్ కార్లంటేనట ప్రాణం. నాకా కార్లలో ముందేదో వెనకేదో తెలియదు. వాటి మీద కూడా ఎవరో ఒకరు ప్రాణం పెట్టి ఇంగ్లీషు రాసే ఉంటారు. ఆదివారం వాడితో కలిసి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత మోటారు పత్రికలేమైనా ఉన్నాయేమో చూసి రావాలి. బేరం వాడే ఆడతాడు, తెలుగులో.